మోడు వేసిన ఆకు

జూన్ 3, మంగళవారం

ఈ ఉదయం తొమ్మిదీ నలభైకి బస్సు డిపో వెనకున్న చెట్టు కొట్టేశారు.

పడింది ఉత్తరం వైపు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రంపం ఆగాక వినిపించింది బస్సుల చప్పుడొక్కటే, అదీ ఎప్పుడూ ఉండేదే. చేతిలో నోటుబుక్కు లేకుండా ఒక సంఘటన దగ్గర నిలబడటం నాకు ఇదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఒక్కటే అడిగింది:

"మోడు ఎంత ఎత్తు ఉంచారు?"

"మోకాలంత."

"సరే," అని పెట్టేసింది.

విలేకరి అలవాటు కొద్దీ, వార్త తర్వాత నేపథ్యం. డిపో పెంచడానికి ఆ చెట్టు అడ్డం. అది రక్షిత జాబితాలో ఉన్న పెద్దాకుల చెట్టు, కొట్టడానికి వీల్లేదు అని మొక్కల పరిశోధన సంస్థ తరఫున రిపోర్టు ఇచ్చింది మా అక్క. పని ఆగింది. వార్త రాసింది నేను, రెండుసార్లు. డిపో వాళ్ళు సొంతంగా ఒక నిపుణుణ్ణి పెట్టుకున్నారు. అతను ఆకులు కొలిచి, ఇది ఆ చెట్టు కాదన్నాడు. జాబితాలో ఉన్న చెట్టు ఆకు మూరెడు ఉంటుంది. దీని ఆకు అరచేయి దాటదు. అధికారులు అతని మాట తీసుకున్నారు. అతను ఒకప్పుడు అక్క దగ్గర చదువుకున్నవాడే. అక్క అతనికి పెట్టిన పేరు నత్త.

ఇక ఆ వార్త నేను రాయకూడదని ఎడిటర్ చెప్పి రెండు వారాలైంది. సరైన నిర్ణయమే. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్తాను. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. ఇది ఎవరికీ కాదు.


జూన్ 5, గురువారం

అక్కకి నోటీసు వచ్చింది. తప్పుడు గుర్తింపుతో ప్రజల పని ఆపినందుకు విచారణ. ముగ్గురు సభ్యుల కమిటీ, జూలై 31, ఉదయం పదకొండు. అప్పటిదాకా సెలవులో ఉండాలి, హెర్బేరియం తాళాలు అప్పగించాలి.

హెర్బేరియం అంటే ఎండబెట్టిన రెమ్మల్ని అట్టలకి అతికించి బీరువాల్లో పెట్టే గది. అక్క అందులో ముప్పై ఏళ్ళు గడిపింది. బీరువాల్లో చాలా అట్టల మీద మొక్క పేరు కింద ఉండేది ఆవిడ సంతకమే. విచారణలో తప్పని తేలితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. ఆవిడ పేరు పెట్టిన ప్రతి అట్టా మళ్ళీ వేరేవాళ్ళ చేత చూపిస్తారట. నోటీసులో చివరి వాక్యం అది. అక్క మిగతాదంతా గబగబా చదివి ఆ వాక్యం దగ్గర ఆగింది.

బావ కళ్ళజోళ్ళ దుకాణం కట్టేసి తొందరగా వచ్చాడు. కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో నేను. టీ మాత్రం కిందే.

"నా దుకాణానికి దూరం కనపడనివాళ్ళు వస్తారు, దగ్గర కనపడనివాళ్ళు వస్తారు," అన్నాడు బావ. "రెండూ కనపడనివాళ్ళు మీ ఆఫీసులో చేరతారనుకుంటా."

"మీ జోకు అయిపోతే ఆ చక్కెర ఇటివ్వండి," అంది అక్క.

ఆకుల సంగతి ఏమంటావని అడిగాను.

"కాయ సరిపోయింది. బెరడు సరిపోయింది. ఆకు తొడిమ మొదట్లో రెండు బొడిపెలుంటాయి, ఆవగింజంత. దీనికి చుట్టాలైన ఇంకే చెట్టుకీ ఉండవు. అవి సరిపోయాయి."

"ఆకు సైజు?"

"సరిపోలేదు."

"ఎందుకని?"

"తెలీదు. తెలీదనే రిపోర్టులో రాశాను."

రాసింది, నిజమే. నేను నా వార్తలో ఆ వాక్యం వాడలేదు. చోటు సరిపోలేదు.

నాకు అక్క మీద అనుమానం లేదు.


జూన్ 6

డిపో వైపు పని పడింది. మోడు అలాగే ఉంది. కొమ్మలు లారీలో వెళ్ళిపోయాయి.


జూన్ 8, ఆదివారం

అక్క ఇల్లు సర్దుతోంది. సర్దిన అలమారే మళ్ళీ సర్దుతోంది. నేను కిందికి దిగి, కూర్చుని, లేచి, పైకొచ్చి, మళ్ళీ దిగాను.

"ఏమే, కాలుగాలిన పిల్లిలా ఆ మెట్ల మీద ఏంటి?"

"ఒకటి అడగాలి. ఆ చెట్టు పేరు. అసలు ఎలా వచ్చింది?"

ఇన్నేళ్ళలో అక్కని అడగని ప్రశ్న. వార్తలో రెండుసార్లు 'పెద్దాకుల చెట్టు' అని రాశాను, శాస్త్రీయ నామం ఒకసారి. అదేమిటని అడగలేదు.

అక్క చేతిలో దుప్పటి మడతపెడుతూనే చెప్పింది. మొక్కలకీ మనలాగే ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఈ చెట్టు సొంత పేరు మాక్రోఫిల్లా. రెండు గ్రీకు ముక్కలు. మాక్రోస్, ఫిల్లోన్. ఫిల్లోన్ అంటే ఆకు. బడిలో పత్రహరితానికి క్లోరోఫిల్ అని నేర్చుకున్నామే, చివర్న ఉన్న ఫిల్ అదే. మాక్రోస్‌కి మొదటి అర్థం పొడుగు. పెద్ద అన్నది తర్వాత వచ్చి చేరిన అర్థం. మొక్కలకి పేర్లు పెట్టేవాళ్ళు మాత్రం పెద్ద అనే వాడారు.

"ఇదే మాట లాటిన్లో కావాలంటే గ్రాండిఫోలియా. అదీ ఉంది, వేరే చెట్లకి. ఏది పెట్టాలన్నది పెట్టేవాడి ఇష్టం."

"ఈ చెట్టుకి పెట్టినవాడు?"

"వందేళ్ళ పైమాట. వేరే ఖండంలో కూర్చున్నాడు. చెట్టుని చూడలేదు. ఎవరో పంపిన ఎండు రెమ్మ ఒకటి చూశాడు. ఆకు కాగితంలో పట్టక మూడు మడతలు వేసి ఉంది. చూసి, పెద్దాకు అన్నాడు. అంతే."

"తర్వాతైనా ఎవరూ చూడలేదా?"

"చూశారు. కాయలు చూశారు, పువ్వులు చూశారు. ఆకు గురించి మాత్రం మొదటివాడు రాసిందే అందరూ ఎత్తి రాసుకున్నారు. చెట్లూ తక్కువ, కొమ్మలు ఎత్తు. కింద రాలినవి చూసి వేరే చెట్టు అనుకునుంటారు."

"పేరు తప్పైతే మార్చరా?"

"పొసగలేదని పేరు తీసెయ్యడానికి వీల్లేదు. అది మా రూలు. పెట్టింది పెట్టినట్టే."

కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్న బావ తలెత్తాడు.

"మా పెద్దన్నయ్యని ఇంట్లో ఇప్పటికీ బుజ్జి అంటారు. తలుపులోంచి వంగి రావాలి."

"ఇప్పుడు మీ అన్నయ్య ఎందుకు?"

"పేరు పెట్టినప్పుడు వాడు బుజ్జిగానే ఉన్నాడు మరి. ఎవరి తప్పు?"

అక్క నవ్వింది. ఈ వారంలో మొదటిసారి. నేను నవ్వలేదు. పైకొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు.

పేరు పెట్టినప్పుడు.


జూన్ 11

ఆఫీసులో నీటి పన్ను వార్త ఇచ్చారు. రాశాను. ఏం రాశానో ఇప్పుడు గుర్తులేదు.


జూన్ 14, శనివారం

నత్తని కలిశాను.

ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఒక విషయానికి రెండు వైపులుంటే రెండో వైపుని కలవాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నదే.

డిపో ఎదురుగా టీ కొట్టు. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో చిన్న స్కేలు. టీ వచ్చాక కూడా చాలాసేపు తాగలేదు, చల్లారబెట్టుకున్నాడు. పేరు ఊరికే పెట్టలేదు అక్క.

"మీరు మేడం చెల్లెలు కదండీ. పత్రిక కోసం వచ్చారా?"

"కాదు."

"మేడం పంపారా?"

"కాదు. నేను వచ్చినట్టు ఆవిడకి తెలీదు."

అతను కప్పు కిందపెట్టాడు. కొలతల గురించి అడిగాను. నిచ్చెన బండి తెప్పించి ఎక్కాడు. నాలుగు వైపులా కొమ్మలు కొలిచాడు. ఎండ తగిలేవి, నీడలో ఉండేవి, ముదురూ లేతా. ఏదీ అరచేయి దాటలేదు. అబద్ధం చెప్పే గొంతు నాకు తెలుసు. అది కాదు.

"బొడిపెల సంగతి?"

"ఉన్నాయండీ. రాశాను కూడా. కానీ ఆకు మూరెడుండాలని మూలంలో ఉంది. మూరెడెక్కడ, అరచెయ్యెక్కడ? నేను ఏది నమ్మాలి?"

"ఆ మొదటి రెమ్మ తెంపిందెవరు?"

"ఎవరో సేకరించేవాళ్ళు. పేరు లేదండీ."

"తెంపేటప్పుడు ఎక్కడ నిలబడి ఉంటారు?"

"అంటే?"

"మీకు నిచ్చెన బండి కావాల్సొచ్చింది. మొదటి కొమ్మే ఇద్దరు మనుషుల ఎత్తున ఉండేది, నేను చూశాను. ఆ రోజుల్లో అడవిలో నడిచే మనిషి దగ్గర నిచ్చెన ఉండదు. నేల మీద నిలబడే తెంపి ఉండాలి. చేతికందే ఎత్తులో ఈ చెట్టుకి ఆకు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఇది బొటానికల్ ప్రశ్న కాదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. పత్రికలో చేరిన రోజు నేర్పేవే.

నత్త స్కేలు జేబులోంచి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. టీ ఒక్క గుక్కలో తాగేశాడు.


జూన్ 15, ఆదివారం

అక్కకి తెలిసిపోయింది. నత్తే ఫోన్ చేసి చెప్పాడట, మేడం దగ్గర దాచడం పద్ధతి కాదని.

"వెళ్ళావా?"

"వెళ్ళాను."

"నా మీద రెండో ఆధారం కావాల్సొచ్చిందా నీకు?"

"అందరి విషయంలోనూ తీసుకుంటాను."

"నేను అందర్లో ఒకదాన్నా?"

"అక్కా, అది కాదు..."

"ఏది కాదు? నా దగ్గర చదువుకున్నవాడి దగ్గరికెళ్ళి, మా అక్క సరిగ్గానే చెప్పిందా అని అడిగొచ్చావు. నోటీసు ఇచ్చినవాళ్ళు పరాయివాళ్ళు. వాళ్ళకి నేనెవరో తెలీదు."

"నేను అలా అడగలేదు."

"ఎలా అడిగావో వద్దు. ఎందుకెళ్ళావో నాకు తెలుసు."

బావ టీవీ ఆపేశాడు. ఆపాక ఇంకా ఇబ్బందిగా ఉందనిపించి మళ్ళీ పెట్టాడు.

నాకు అక్క మీద అనుమానం లేదు. ఉంటే కదా వెళ్ళడం? లేదు కాబట్టే నిర్ధారించుకోవడానికి వెళ్ళాను.

చదివితే వాక్యం నిలబడటం లేదు. కొట్టెయ్యను. ఉండనీ.


జూన్ 16

మాటల్లేవు.


జూన్ 17

మాటల్లేవు. టీ పైనే పెట్టుకున్నాను. బాగా లేదు.


జూన్ 19, గురువారం

బావ మెట్లెక్కి వచ్చాడు.

"మరదలా, నీళ్ళ మోటారు ఆపమని మీ అక్క చెప్పమంది."

"ఆపేశానని చెప్పండి."

"ఆపేశానందని చెప్తే, థాంక్స్ చెప్పనక్కర్లేదని చెప్పమంటుంది. నాకు మోకాళ్ళ నొప్పులు. మీరిద్దరూ కలిసి ఒక పావురాన్ని కొనుక్కోండి."


జూన్ 24, మంగళవారం

డిపో వైపు పనిలేదు. వెళ్ళాను.

వానలు పడ్డాయి. మోడు అంచు చుట్టూ, బెరడుకీ కలపకీ మధ్య, ఎర్రటి మొటిమల్లాంటివి లేచాయి. వేలితో తాకితే గట్టిగా ఉన్నాయి.

డిపో వాచ్‌మన్ గొడుగేసుకుని వచ్చాడు. "కొట్టేసిన చెట్టుకి పలకరింపులాండీ?"

"దారిలో ఆగాను."

"ఇది దారి కాదండీ, గోడ."


జూలై 2

మోడు చిగురేసింది. ఆకులు చిన్నవి. చిటికెన వేలంత. ఎర్రగా ఉన్నాయి.

చిన్నవే.


జూలై 5

చిన్నవే. చెట్టు మీద కూడా చిన్నవే కదా. ఇందులో వార్త లేదు. ఇక వెళ్ళను.


జూలై 9, బుధవారం

వెళ్ళాను.

అరచేయంత ఉన్నాయి. చెట్టు మీద ఉన్నంత. ఇంకా లేతగా, మెత్తగా, అంచులు ముడుచుకుని ఉన్నాయి. ముదిరిన ఆకు అలా ఉండదు. అంటే పెరగడం ఆగలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి మాట్లాడటం లేదు.

ఆఫీసుకొచ్చి రోడ్డు మరమ్మతుల వార్తలో వీధి పేరు తప్పు రాశాను. డెస్క్ వాళ్ళు పట్టుకున్నారు. నాకు ఇలా జరగదు.


జూలై 13, ఆదివారం

చాపిన చేతి బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా పెట్టి చూశాను. జానెడు. జానెడు దాటి రెండు వేళ్ళు.

మోడు దగ్గర నిలబడే బావకి ఫోన్ చేశాను. దుకాణంలో ఉన్నాడు. ఎవరికో అక్షరాలు చదివిస్తున్నట్టుంది.

"బావా, ఆకులు జానెడయ్యాయి."

"ఏ ఆకులు?"

"మోడు వేసినవి. మీరు అక్కకి చెప్పండి."

"నేను చెప్పను."

"బావా!"

"మోటారంటే మోస్తాను, మరదలా. ఇది నేను మొయ్యను. వెళ్ళి నువ్వే చెప్పు. తిడితే తిట్టించుకో. ఆ కింది వరుస చదవండి సార్. నువ్వు కాదులే, ఇక్కడ ఆయనకి చెప్తున్నా."

ఇంటికెళ్ళి తలుపు దగ్గర నిలబడే చెప్పాను. అక్క కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆగింది.

"మోడు మీద?"

"మోడు మీద."

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. ఎడమదీ కుడిదీ వేరువేరు జతలవి. దారంతా నాకంటే ముందే నడిచింది.

మోడు పక్కన బురదలో కూర్చుంది. ముందు ఆకు మొత్తం చూడలేదు. తొడిమ మొదలు చూసింది. బొడిపెలు రెండూ ఉన్నాయి. తర్వాత బెరడు. ఆఖరికి ఆకు కింద అరచేయి పెట్టి, బరువు చూస్తున్నట్టు కాస్త పైకెత్తింది.

"ఎన్నాళ్ళుగా వస్తున్నావు?"

"మొదట్నుంచీ."

"ఊఁ."

ఇది ఎలా జరిగిందని అడిగాను. ఇలా చెప్పింది:

"వేరు చూడు. పెద్ద చెట్టు మొత్తానికి సరిపడా నీళ్ళు తోడే వేరు అది. పైన చెట్టు లేదని దానికి తెలీదు. పెళ్ళికి వండిన వంట నలుగురికి వడ్డించినట్టు. ఈ నాలుగు కొమ్మలకీ అంతా వస్తోంది. మోడు చిగుళ్ళ ఆకులు పెద్దవిగా రావడం కొత్త కాదు, చాలా చెట్లకి ఉంది. దీనికి ఉందని ఎవరూ చూడలేదు. చూసేవాళ్ళెవరూ కొట్టలేదు కాబట్టి."

"అయితే ఆ మొదటి రెమ్మ?"

"దారి కోసం చెట్లు నరికి ఉంటారు. పక్కన మోడు ఇలా వేసుంటుంది. నడిచేవాడికి చేతికందింది. తెంపాడు." చేతి బురద తుడుచుకుంది. "నేను కూడా పైకే చూశాను, చెట్టు మీద. కిందనుంచి తెంపి ఉంటారని తట్టలేదు."

ఆ మాట నేను నత్తతో అప్పుడే అనేశాను.

ఒక ఆకు తెంపి కమిటీకి చూపిద్దామని చెయ్యి చాపాను. అక్క ఠపీమని కొట్టింది, చిన్నప్పటిలా.

"తెంపితే అది ఉత్త ఆకు. ఎక్కడో తెచ్చావంటారు. ఫోటో తీసినా అంతే, నువ్వు నా చెల్లెలివి. వాళ్ళే వచ్చి, ఆకు మోడుకి ఉండగా చూడాలి. అప్పటిదాకా నువ్వు కూడా తాకకు. ఇంకా పెరగాలది. జానెడు మూరెడు కాదు."


జూలై 21, సోమవారం

డిపో గోడకి నోటీసు అంటించారు. మోళ్ళు పెకలించే పని 31వ తేదీ గురువారం, ఉదయం ఎనిమిది. అదే రోజు పదకొండుకి విచారణ.

కమిటీ కార్యదర్శికి అక్క ఫోన్ చేసింది. స్థలానికి రావాలంటే అభ్యంతరం పెట్టినవాళ్ళు, అంటే డిపో తరఫు నిపుణుడు అడగాలట. నోటీసు అందుకున్న మనిషి అడిగితే కుదరదట. పని తేదీ మార్చడం తమ చేతిలో లేదట.

"చాలా మర్యాదగా మాట్లాడాడు," అంది అక్క. "మీరు రిటైరయ్యాక విశ్రాంతి తీసుకోవచ్చు కదండీ అన్నాడు."


జూలై 22

ఎడిటర్ దగ్గరికెళ్ళాను. ఫోటో వెయ్యండి, నా పేరు వద్దు, వార్త ఇంకొకరి చేత రాయించండి అన్నాను.

"మీ అక్కగారి రిపోర్టు. మీ అక్కగారి మోడు. మన పత్రిక. విచారణకి వారం ముందు. మీరే చెప్పండి, ఇంకో పత్రిక ఈ పని చేస్తే మీరేమంటారు?"

ఏమంటానో ఇద్దరికీ తెలుసు.

"విచారణ రోజు మనిషిని పంపుతాను," అన్నాడు. "మీరు కాదు."


జూలై 23

నత్తని అడుగుదామా అన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది.

"బతిమాలొద్దు. వాడు కొలిచింది రాశాడు. అందులో తప్పు లేదు. నాకోసం మార్చి రాయమని అడిగితే, రేపు నా అట్టల మీద సంతకానికి విలువేముంటుంది?"

నిజమే. నేను వెళ్ళను.


జూలై 24

వెళ్ళాను. ఇంట్లో లేడు. చెప్పాల్సింది కూడా ఏమీ లేదు నిజానికి. వాళ్ళావిడ ఏదైనా చెప్పమంటారా అంది. మోడు చూశారేమో అడగండి, అంతే అన్నాను.

అది బతిమాలడం కిందికి రాదు. ప్రశ్న.


జూలై 26

గాలి. డిపోకి వెళ్ళాను. ఒక చిగురు కొమ్మ విరిగి వేలాడుతోంది. మిగతా మూడూ బాగున్నాయి. ఇంటికొచ్చి అక్కకి మూడున్నాయని చెప్పాను. నాలుగు ఉండేవి కదా అనలేదు. ఆకు పొడుగెంత అని కూడా అడగలేదు. ఇద్దరం అడగడం మానేశాం.


జూలై 27, ఆదివారం

మోచేతి నుంచి వేళ్ళ చివర దాకా పెట్టి చూశాను, తాకకుండా. పెద్ద ఆకు మూరెడుంది.

వాచ్‌మన్ ఈసారి తనే పలకరించాడు. "మీలాగే ఇంకొకాయన వచ్చాడండీ పొద్దున. స్కేలు తెచ్చుకున్నాడు. ఎంతసేపు కొలిచాడో! ఒక్కో ఆకు కొలుస్తాడు, రాసుకుంటాడు, మళ్ళీ అదే కొలుస్తాడు. వానొచ్చినా లేవడే. అంత నెమ్మది మనిషిని నా జన్మలో చూడలేదు."

"ఏమైనా అన్నాడా?"

"గొడుగు ఇస్తానంటే వద్దన్నాడు. ఆకు మీద పట్టుకోమన్నాడు."

అక్కకి చెప్పాలా వద్దా? చెప్తే నేను అతనింటికి వెళ్ళిన సంగతీ చెప్పాలి. చెప్పాను, రెండూ. తిట్టలేదు. "గొడుగు ఆకు మీదా?" అని మాత్రం అడిగింది. రెండుసార్లు చెప్పించుకుంది.


జూలై 28

ఏమీ జరగలేదు. ఫోన్ రెండుసార్లు మోగింది. రెండూ బావకే, అద్దాల గురించి.


జూలై 29, మంగళవారం

సాయంత్రం నత్త ఇంటికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రా," అంది అక్క. "నువ్వు లోపలికొచ్చేసరికి ఎల్లుండి అయిపోతుంది."

వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఏడవ తరగతి పిల్లాడిలా.

"మేడం, నా రిపోర్టులో కొలతలన్నీ కరెక్టే."

"తెలుసు. కొలవడం నేర్పింది నేనే."

"తేల్చింది తప్పు."

అతను స్కేలు తీసి చేతిలో తిప్పుతూ చెప్పాడు. చెల్లెలుగారి ప్రశ్న అప్పట్నుంచీ తొలుస్తోందట. చేతికందే ఆకు ఎక్కణ్ణుంచి వచ్చిందని. సంస్థలో ఉన్న ఆ మొదటి అట్ట ఫోటో మళ్ళీ తీసి చూశాడు. రెమ్మ కాడ చాలా లావు, నిటారుగా ఉంది. కాయ లేదు, పువ్వు లేదు. ముదురు కొమ్మ కాదనిపించింది. కానీ అనిపించడం చాలదని ఆగాడు. మోడు ఆకులు పూర్తిగా పెరిగేదాకా ఆగి, ఆదివారం కొలిచాడు.

"అంటే నువ్వూ చూస్తూనే ఉన్నావా దాన్ని?" అన్నాను.

"మీరు పగటిపూట వస్తారు కదండీ. నేను తెల్లారుజామున, వాచ్‌మన్ రాకముందే."

నిన్న కమిటీకి కాగితం ఇచ్చాడు. తన రిపోర్టు తుది కాదు, స్థలంలో మోడు చూశాకే విచారణ జరపాలి అని. ఈ మధ్యాహ్నం డిపో వాళ్ళు అతని ఒప్పందం రద్దు చేశారు.

"రద్దు చేస్తే నీ కాగితం చెల్లుతుందా?" అడిగింది అక్క.

"కాగితం నిన్న ఇచ్చాను మేడం. రద్దు ఇవాళ. కార్యదర్శి చెల్లుతుందన్నారు. కమిటీ వస్తుంది."

"జీవితంలో మొదటిసారి ఒక రోజు ముందున్నావు," అంది అక్క.

అతను నవ్వబోయి ఆగాడు. అక్క లేచి వంటగదిలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్ళు అవసరమున్నంతసేపు కంటే ఎక్కువసేపు పోయాయి.

బావ నత్త ముఖంలోకి చూసి, "కళ్ళు చిట్లిస్తున్నావు. దుకాణానికి రా, చూస్తాను," అన్నాడు. "తెలిసినవాళ్ళకి తగ్గింపేమీ లేదు, ముందే చెప్తున్నా."

అక్క నాలుగు కప్పులతో వచ్చింది. నా కప్పు నా ముందు పెడుతూ అంది:

"దొరికిందిగా నీకు రెండో ఆధారం."

"దొరికింది."

"ఇప్పుడైనా నమ్మకం కుదిరిందా?"

"కుదిరింది."

"అప్పుడు లేదన్నమాట."

"లేదు," అన్నాను.

అక్క తల ఊపింది. చక్కెర నా వైపు జరిపింది.


జూలై 30, బుధవారం

తెలిసినవి, తెలియనివి.

కమిటీ రేపు ఉదయం ఏడుకి డిపో వెనక్కి వస్తుంది. ఇద్దరు సభ్యులు వస్తామని ఖాయం చేశారు. మూడో ఆయన ఫోన్ ఎత్తలేదు. ఇద్దరు చాలు అని కార్యదర్శి అన్నాడు. రాతలో ఇవ్వలేదు.

మోడు పెకలించే పని ఆపమని ఉత్తర్వు ఏదీ లేదు. డిపో మేనేజర్‌ని అడిగాను. పత్రిక తరఫున కాదని ముందే చెప్పాను. "ఎనిమిదికి యంత్రం వస్తుందండీ. కమిటీ ఎనిమిది లోపు ఆపమంటే ఆపుతాం. ఎనిమిదీ అయిదుకి అంటే నేనేం చెయ్యను?" అన్నాడు. న్యాయంగానే మాట్లాడాడు.

ఈ సాయంత్రానికి మూడు కొమ్మలూ నిలిచి ఉన్నాయి. నత్త అక్కడే ఉన్నాడు. వాచ్‌మన్ కుర్చీ ఇచ్చాడట.

ఆఫీసులో రేపటికి సెలవు పెట్టాను. కారణం అన్న చోట 'కుటుంబం' అని రాశాను. ఎడిటర్ చదివి సంతకం పెట్టాడు. విచారణకి వేరే రిపోర్టరుని వేశాడు. ఆమె నా దగ్గరికొచ్చి మాక్రోఫిల్లా అంటే ఏంటండీ అని అడిగింది. రెండు గ్రీకు ముక్కలూ చెప్పాను. మొదటి అర్థం పొడుగు, తర్వాత పెద్ద. రాసుకుంది. అన్నీ రాసుకున్నాక, పేరు పెట్టినవాళ్ళు ఏ ఆకు చూసి పెట్టారో కూడా అడగమన్నాను. ఎవర్ని అడగాలి అంది. అందర్నీ అన్నాను.

భోజనాల దగ్గర అక్కని అడిగాను, మోడు ఉంచితే ఏమవుతుందని.

"ఒక కొమ్మ బలపడుతుంది. మిగతావి ఎండిపోతాయి. పదిహేనేళ్ళకి చెట్టు."

"ఆకులు?"

"ఏటేటా చిన్నవవుతాయి. చెట్టయ్యాక మళ్ళీ అరచేయంతే."

"పేరు మాత్రం పెద్దాకు."

"పేరు అదే ఉంటుంది," అంది అక్క. "బుజ్జి బావగారిలాగా."

బావ ముద్ద గొంతులో అడ్డుపడేలా నవ్వాడు.

అక్క రేపటికి చెప్పులు గుమ్మం దగ్గర పెట్టింది. ఒకే జతవి. నేను చూడటం తనూ చూసింది.

ఆరుకి అక్కా నేనూ మోడు దగ్గర ఉంటాం. ఏడుకి కమిటీ. ఎనిమిదికి యంత్రం.